మా వాడకు పెట్టిన కన్ను

బోర్డు మీద కన్ను వేయిద్దామన్న ఆలోచన నాదే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ తర్వాత వాడంతా లేచిన గొడవ గురించి మా ఆయన దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ కథగా చెబుతాడు, చెప్పి "అంతా ఈమె పుణ్యమే" అని నన్ను చూపిస్తాడు. చూపించనీ. సిరోంచలో ఎన్ని వాడలున్నా, మమ్మల్ని మేమే కాపలా కాసుకుంటున్నామని బోర్డు పాతి మరీ చెప్పిన వాడ మాదే. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పొంగుతుంది.

మాది ఊరి చివర కొత్తగా లేచిన వాడ. అందరూ ప్లాట్లు అంటారు. మొన్నమొన్నటి దాకా వరి పండిన నేల. ఇప్పుడు కొన్ని ఇళ్లు, కొన్ని ఖాళీ జాగాలు, ఆ జాగాల నిండా తుమ్మ చెట్లు. బజారులో మాకు ఫ్యాన్సీ దుకాణం ఉంది. గాజులు, బొట్టుబిళ్లలు, కాటుక డబ్బీలు, బడిపిల్లల పెన్సిళ్లు అమ్ముతాం. పొద్దున ఇద్దరం వెళితే చీకటి పడే వేళకు గానీ రాము. వాడలో చాలామందిది ఇదే తీరు. దుకాణాలవాళ్లు దుకాణాలకు, సేద్యం ఉన్నవాళ్లు నది ఒడ్డు పొలాలకు. పగలు ఇళ్లలో మిగిలేది ముసలివాళ్లు, బాలింతలు. వాళ్లు కూడా టీవీ పెట్టుకుని లోపలే ఉంటారు.

వాడలో చివరి ఇల్లు చెల్లెది. నా తోడబుట్టినది కాదు, పిలుపుతో చెల్లె అయింది. ఊరికి దూరంగా ఒక ఉపకేంద్రంలో నర్సు. పొద్దున్నే ఆటోలో వెళ్లి సాయంత్రానికి వస్తుంది. భర్త రోడ్డు పనుల దగ్గర టిప్పర్ నడుపుతాడు. ఒక రోడ్డు అయిపోతే ఇంకో రోడ్డు, ఎప్పుడూ ఎక్కడో దూరంలోనే ఉంటాడు. ఎప్పుడైనా ఇంటికి వస్తే తలుపు వేసుకుని నిద్రపోతాడు, లేచి మళ్లీ వెళ్లిపోతాడు. వాడలో సగం మంది అతని ముఖం సరిగా చూసి ఉండరు. చెల్లె మాత్రం సాయంత్రం అయితే మా ఇంట్లోనే. నా మామిడికాయ తొక్కులో ఉప్పు ఎక్కువైందంటుంది, ఎక్కువైందంటూనే గిన్నె ఖాళీ చేస్తుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం వచ్చినప్పుడు ఎదురుగా నిలబడి "అక్కా, జర నోరు తగ్గియ్యి" అనగలిగింది ఆమె ఒక్కతే. ఆమె లేకపోతే ఆ వాడలో నాకు పొద్దు గడవదు.

వానాకాలం చివర్లో ఒక రోజు ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంటి వెనక తలుపు గొళ్లెం ఊడదీసి ఉంది. గ్యాస్ సిలిండర్ లేదు. కుక్కర్ కూడా పోయింది. ఠాణాకు వెళ్లి చెప్పి వచ్చాం. నేను మా ఇంట్లో ఉన్న రెండో సిలిండర్ ఇచ్చాను. వస్తువుల గురించి ఆమె పెద్దగా బాధపడలేదు. వచ్చి మా గడప మీద కూర్చుంది. తర్వాత అంది:

"పట్టపగలు సిలిండర్ భుజం మీద ఎత్తుకొని పోయిండక్కా. నా ఇంటి కాడికెల్లి రోడ్డు దాక ఇండ్లే గదా. ఒక్కరన్న సూడలే."

లోపలికి వెళ్లి చాయ్ పెట్టి తెచ్చాను. తాగుతూ అసలు సంగతి చెప్పింది. అల్లపల్లిలో వాళ్ల అన్న ఉంటాడు, కర్ర డిపోలో పని. అతని పక్కనే రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. అటువైపు బదిలీకి అడిగిందట, ఇస్తామన్నారట కూడా. దీపావళికి భర్త రాగానే సామాను ఎత్తుకుని వెళ్లిపోతారు. వద్దని నేను ఏదేదో అన్నాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి లేచి వెళ్లింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే దుకాణం సరుకు కోసం చంద్రపూర్ వెళ్లాను. అక్కడ మా సొంత చెల్లెలు ఒక కాలనీలో ఉంటుంది. పొద్దున పాల కోసం ఆమెతో పాటు గేటు దాకా వెళితే అక్కడ నీలం రంగు బోర్డు కనిపించింది. మధ్యలో ఒక కన్ను. ఈ కాలనీవాళ్లు ఒకరి ఇల్లు ఒకరు చూసుకుంటారు, కొత్తవాళ్లు కనిపిస్తే ఆపి అడుగుతారు అని కింద రాసి ఉంది. నేను అక్కడే ఆగిపోయాను. అది ఎప్పటి నుంచో ఉందని, దాన్ని ఎవరూ పట్టించుకోరని మా చెల్లెలు అంది. నేను వినలేదు. ఫోను తీసి ఆ పక్క నుంచి, ఈ పక్క నుంచి ఫోటోలు తీస్తుంటే గేటు దగ్గరి కాపలా మనిషి వచ్చి మీరెవరు, ఎవరింటికి వచ్చారు, ఫోటోలు ఎందుకు అని నిలదీశాడు. మా చెల్లెలికి సిగ్గేసింది. నాకైతే అతనికి దండం పెట్టాలనిపించింది. బోర్డు పనిచేస్తోంది కదా!

తిరుగు బస్సులో నా కాలు ఒక్కచోట నిలవలేదు. అల్లపల్లి దాటి టేకు అడవిలో పడ్డాక పక్కన కూర్చున్నామెకు ఫోటో చూపించాను. ఆమె కమలాపూర్‌లో చుట్టాలింటికి వెళుతోంది. ఫోను చేతిలోకి తీసుకుని, వేళ్లతో కన్నును పెద్దది చేసి, ఏ అమ్మవారిదని అడిగింది. అమ్మవారిది కాదమ్మా, దొంగల కోసం అని చెప్పాను. ఆమె ఫోను నా చేతిలో పెట్టేసి కొంచెం పక్కకు జరిగింది. అప్పుడైనా నాకు బుర్ర వెలగాల్సింది. వెలగలేదు. ఇంటికి ఎప్పుడు చేరతానా, చెల్లెకు ఎప్పుడు చెబుతానా అని కిటికీలోంచి టేకు చెట్లను చూపులతోనే వెనక్కి తోసుకుంటూ కూర్చున్నాను.

ఆదివారం నాడు మా వసారాలో అందరినీ కూర్చోబెట్టి మిరపకాయ బజ్జీలు వేశాను. బజ్జీలుంటే మన మాట కాస్త వింటారు. ఎదురింటి పెద్దమ్మ వచ్చింది. సేద్యం ఇంటి మనిషి, వాడలో అందరికంటే పెద్దది, ఆమె అవునంటే వాడ అవునన్నట్టే. కోడలు కొత్తగా బిడ్డను కని ఇంట్లోనే ఉంది. పెద్దమ్మ కొడుకు, మూల మీది కిరాణా ఆయన, ఇంకా కొందరు వచ్చారు. బోర్డులు పెడదామంటే అందరూ సరేనన్నారు. ఏ భాషలో రాయాలన్న దగ్గర మాత్రం చిక్కుపడ్డాం. మాది మహారాష్ట్ర కాబట్టి పిల్లలు చదివేది మరాఠీ బడి, వాళ్లకు తెలుగు అక్షరం రాదు. కిరాణా ఆయనకు తెలుగే వస్తుంది. పెద్దమ్మ కొడుకు చదువుకోలేదు, ఏ భాషలో రాసినా తన కోసం కాదన్నాడు. అడవి ఊళ్ల నుంచి బజారుకు వచ్చే గోండి మాట్లాడేవాళ్లు ఉండనే ఉన్నారు. రెండు భాషల్లోనూ రాద్దాం, రాత చిన్నగా ఉండనీ, కన్ను మాత్రం పెద్దగా ఉండాలి, దాన్ని చదవలేనివాళ్లు ఎవరుంటారు అన్నాను నేను. ఫోను అందరి చేతులకూ తిరిగింది. పెద్దమ్మకు ఫోనులో బొమ్మలు ఆనవు. అందరూ బాగుందంటున్నారు కాబట్టి ఆమె కూడా తల ఊపింది.

మా బజారులో బోర్డులు రాసే పెయింటర్ ఒకాయన ఉన్నాడు. దుకాణాల పేర్లు, ట్రాలీల వెనక బొమ్మలు, గుళ్ల గోడల మీద దేవుళ్లు అన్నీ ఆయన చేతి పనే. ఫోటో చూపిస్తే పెదవి విరిచాడు. ఈ కన్ను నిద్రపోతున్నట్టు ఉంది, దొంగ జడవాలంటే కన్ను తెరిచి చూడాలి అన్నాడు. మరి తెరిపించు అన్నాను. ఆయన తెరిపించాడు. రేకుల మీద ఆ కళ్లు తయారైన రోజు నేను దుకాణం వదిలి పరుగున వెళ్లి చూశాను. బారెడు కన్ను. చుట్టూ నల్లగా దిద్దిన కాటుక, కొసల్లో ఎరుపు, ఒక్కో రెప్ప వెంట్రుకా విడివిడిగా. నల్లగుడ్డులో ఒక తెల్ల చుక్క పెట్టాడు. అటు నిలబడితే అటు చూస్తుంది, ఇటు నిలబడితే ఇటు చూస్తుంది. నడిబజారులో చప్పట్లు కొట్టేశాను.

పాతిన రోజు నా సంబరం చెప్పలేను. పెద్దమ్మ కొడుకు పాత బోరు గొట్టాలు ఇచ్చాడు. మగవాళ్లు గడ్డపారలతో గుంతలు తవ్వుతుంటే నేను ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ అందరికీ పని చెప్పాను. సిమెంటు తర్వాత పోయవచ్చని ముందు రాళ్లతో, మొరంతో గట్టిగా కొట్టారు. మా ఆయన గొట్టం పట్టుకుని నిలబడి, మా పెళ్లి పందిరి గుంజ పాతిన రోజు కూడా నేను ఇంత హడావుడి పడలేదన్నాడు. అననీ. నేను ప్రతి గొట్టానికీ పసుపు రాశాను, కుంకుమ బొట్లు పెట్టాను, మొదటి దాని ముందు కొబ్బరికాయ కూడా కొట్టాను. మంచి పని మొదలుపెట్టినప్పుడు ఎవరైనా చేసేదే కదా అనుకున్నాను.

అప్పుడే చెల్లె ఆటో దిగింది. కన్ను ముందు కాసేపు నిలబడి చూసింది. మంచిగున్నయక్కా అంది. ఆ ఒక్క మాట అని ఇంటికి వెళ్లిపోయింది. కొబ్బరిముక్కలు పట్టుకుని నేను వెనకాలే వెళితే ఆమె అటక మీది ఇత్తడి గిన్నెలు దించి గోనెసంచుల్లో సర్దుతోంది. ఎవరి కోసం ఇదంతా చేశానో ఆమే సంచి మూతి కడుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. దీపావళి ఇంకా దూరం ఉంది కదా అన్నాను. ముందే సర్దుకుంటే మంచిది కదక్కా అంది.

తెల్లారి వాకిలి ఊడ్చుకుందామని బయటికి వస్తే ఎదురింటి పెద్దమ్మ మా ఇద్దరి ఇళ్ల మధ్య ఉన్న గొట్టానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టిన నల్లదారం వేలాడదీస్తోంది. ఆమె ముఖం గంటు పెట్టుకుని ఉంది. రాత్రంతా మనవడు గుక్కపట్టి ఏడ్చాడట. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే కొంచెం కూడా ఘాటు రాలేదట. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలిందని లెక్క.

"గంత పెద్ద కన్ను దెచ్చి నా గుమ్మానికి ఎదురుంగ నిలవెట్టినవ్. పసిపోరని మీద పడకుంట యాడ పడ్తది బిడ్డా? పైకెల్లి పసుపు బొట్లు వెట్టి దానికి పాణం గూడ పోస్తివి."

ముందురోజే కోడలు ఆ పిల్లాడిని చెల్లె ఉపకేంద్రానికి తీసుకెళ్లింది, చెల్లె స్వయంగా టీకా వేసింది. టీకా వేసిన రాత్రి ఏ పిల్లలైనా ఏడుస్తారని నేను చెప్పాను. టీకాలు తన పిల్లలకూ వేయించానని, వాళ్లెవరూ ఇలా ఏడవలేదని పెద్దమ్మ కొట్టిపారేసింది. ఆపైన గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కకు తిప్పింది. సిమెంటు పోయలేదు కదా, సులువుగా తిరిగింది.

కన్ను ఇప్పుడు కిరాణా ఆయన గుమ్మాన్ని చూస్తోంది. ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చి చూసుకుని, గిరాకీ తగ్గితే ఎవరు ఇస్తారని గొణిగి ఇంకో పక్కకు తిప్పాడట. అటు ఇంటివాళ్లు కొత్తగా స్లాబు వేసుకుంటున్నారు. కట్టే ఇంటి మీద కన్ను పడనిస్తారా? వాళ్లు తిప్పారు. మిగతా మూలల్లోనూ ఇదే వరస. తిప్పలేనివాళ్లు నిమ్మకాయలు కట్టారు, ఒకరు పాత చెప్పు కట్టారు, ఒకరైతే కన్ను మీద గోనెసంచి కప్పారు. సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి మా వాడ కళ్లన్నీ ఖాళీ జాగాల్లోని తుమ్మ చెట్ల వైపే చూస్తున్నాయి. తుమ్మ చెట్లకు మంచి బందోబస్తు దొరికిందన్నాడు మా ఆయన. చేతిలో ఉన్న టిఫిన్ గిన్నె ఆయన మీదికి విసరబోయి ఆగాను.

నాకు ఒళ్లు మండిపోయింది. మూల మీద నిలబడి అందరినీ పిలిచాను. దొంగకు లేని భయం మీకెందుకని అడిగాను. పెద్దమ్మ తొణకలేదు. బోర్డులు ఉండనీ, రాతలు ఉండనీ, కన్ను మాత్రం గీకెయ్యమని చెప్పింది. కన్ను తీసేస్తే ఇంక మిగిలేది ఏముంది, రేకులన్నీ పీకి గోదాట్లో పారేస్తానన్నాను. నా గొంతు బజారు దాకా వినిపించి ఉంటుంది. మా ఆయన నా కొంగు పట్టి లాగుతున్నాడు, నేను విడిపించుకుంటున్నాను. అప్పుడు ఆటో దిగి, భుజాన సంచితో చెల్లె నడుచుకుంటూ వచ్చింది. నోరు తగ్గించమంటుందని అనుకున్నాను. ఆమె నా వైపు చూడలేదు. పెద్దమ్మతో మెల్లగా అంది:

"మీకొద్దంటే నా గేటు కాడ పాతుండ్రి పెద్దమ్మా. ఇంటి దిక్కే మల్పి పాతుండ్రి. నా ఇంటి దిక్కు సూసెటోళ్లు లేరనే గదా నేను పోతున్న. గదన్న సూడనీ."

ఆమె వెటకారంగా అనలేదు, ఏడుస్తూ కూడా అనలేదు. కూరగాయలు అడిగినంత మామూలుగా అంది. ఆమె కోసమని ఊరంతా తిరిగిన నేను, ఆమె సంగతి ఆమె నోటి నుంచి వినేదాకా సరిగా అర్థం చేసుకోలేదు. ఆమెకు దొంగంటే భయం కాదు. తన ఇంట్లో ఏం జరిగినా కనుక్కునేవాళ్లు లేరన్నదే ఆమె దిగులు. కాసేపటికి పెద్దమ్మ కొడుకే గడ్డపార అందుకున్నాడు. చీకటి పడకముందే ఒక కన్నును చెల్లె గేటు పక్కన పాతి, ఆమె వాకిలి వైపు తిప్పి, సిమెంటు కూడా పోశాం. మిగతావాటిని వాడ మొదట్లో రోడ్డు వైపు తిప్పి పెట్టాం.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. శనివారం పొద్దున పెద్దమ్మ చేతిలో నిమ్మకాయలు పట్టుకుని ఆ చివరి ఇంటికి నడవడం చూశాను. ఒంటరి పిల్ల మీదికి కన్ను తిప్పి మనం చల్లగా కూర్చుంటే పాపం తగులుతుందని ఆమె వాదన. అక్కడే చెల్లె ఇంటి అరుగు మీద కూర్చుని పెద్దమ్మ మిరపకాయలు దారానికి గుచ్చింది. ఆమెను చూసి కిరాణా ఆయన భార్య వెళ్లింది. స్లాబు ఇంటామె కూడా వెళ్లింది, కొత్త ఇల్లు కడుతున్న మనిషికి అటువంటి దగ్గర అశ్రద్ధ పనికిరాదని. దారం ఎండిందా, నిమ్మకాయ కుళ్లిందా అని శనివారాలే కాదు, మిగతా రోజుల్లోనూ ఎవరో ఒకరు అటు వెళ్లి చూసి వస్తున్నారు. చూడడానికి వెళ్లినవాళ్లు నిమ్మకాయను మాత్రమే చూసి వస్తారా? పాల ప్యాకెట్ గేటుకే వేలాడుతోందని, ఆరేసిన బట్టలు వానకు తడుస్తున్నాయని, వెనక తలుపుకు కొత్త గొళ్లెం పెట్టించిందని నాకు దుకాణంలో కబుర్లు అందేవి. కరెంటు మీటరు చూడడానికి వచ్చిన మనిషిని పెద్దమ్మ నిలబెట్టి అతని తాతల ఊరు దాకా అడిగిందట. అతను చెమటలు తుడుచుకుంటూ వెళ్లాడట.

ఈ కబుర్లు విన్నప్పుడల్లా నాకు హుషారు ఆగేది కాదు. సాయంత్రం మా ఇంటికి వచ్చిన చెల్లెను చూసి, గోనెసంచులు విప్పావా అని అడగాలనిపించేది. అడిగితే ఏమంటుందోనని భయం. దీపావళికి కొద్ది రోజుల ముందు ఆమే చెప్పింది, ఆయన ట్రాలీ మాట్లాడిండక్కా అని. ప్రమిదలు, పటాకుల సరుకు దించుకునే పనిలో ఉన్నానన్న వంకతో ముఖం తిప్పుకున్నాను.

దీపావళి ఇంకా దగ్గర పడ్డాక ఒక రోజు, పొద్దు వాలే వేళ, దుకాణంలో గిరాకీ మీద గిరాకీ. ఫోను మోగింది. పెద్దమ్మ కోడలు. గొంతు నిండా సంతోషం.

"అక్కా, దొంగ దొర్కిండు. జల్ది రా."

గాజులు చూస్తున్న ఆడవాళ్లను అలాగే వదిలేసి, మా ఆయనకు సైగ చేసి బండి తీశాను. ఎంత వేగంగా వెళ్లానో నాకే తెలియదు. ఇన్నాళ్లకు, మా బోర్డులకు, నా కన్నుకు దొంగ దొరికాడు! వాడ మొదట్లోనే జనం కనిపించారు. అందరూ చివరి ఇంటి ముందే ఉన్నారు. గేటు బయట ఒక ట్రాలీ ఆగి ఉంది, అందులో కొన్ని గోనెసంచులు. గేటు లోపల మా కన్ను కింద గ్యాస్ సిలిండర్ అడ్డంగా పడుకోబెట్టి ఉంది. దాని మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. ఆమె ఎదుట గడ్డం పెరిగిన ఒక మనిషి చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. కిరాణా ఆయన అతని చొక్కా పట్టుకున్నాడు. పెద్దమ్మ కొడుకు వెనక నుంచి కాపలా.

మనిషిని చూడగానే పోల్చుకున్నాను. చెల్లె భర్త. ఇంటికి రాగానే, భార్య డ్యూటీలో ఉందని, తన దగ్గరి తాళంచెవితో తలుపు తీసి సామాను ఎక్కించడం మొదలుపెట్టాడు. సిలిండర్ భుజాన వేసుకుని గడప దాటేసరికి వాడంతా మీద పడింది. ఈ ఇల్లు నాదేనని చెబుతున్నాడట, దొరికిన ప్రతి దొంగా అదే చెబుతాడని వీళ్లు వినడం లేదు. భార్యకు ఫోను చేస్తే ఎత్తడం లేదట, ఆటోలో ఉండి ఉంటుంది. నన్ను చూడగానే అతని ముఖం వెలిగింది.

వరసకు అతను నాకు మరిది. మరిదితో వదినకు పరాచికం ఉంటుంది కదా. అయినా ఆ నిమిషం నేను చేసింది పరాచికం కాదు. చుట్టూ చూశాను. పిల్లాడిని చంకనేసుకుని బాలింత వచ్చింది, స్లాబు ఇంటామె సిమెంటు చేతులతో వచ్చింది, కిరాణా ఆయన కొట్టు తెరిచే వదిలేసి వచ్చాడు. ఆనాడు ఒక్కరూ చూడలేదని చెల్లె అన్న చోట ఇప్పుడు ఇంతమంది నిలబడి ఉన్నారు. ఇది చెల్లె చూడాలి. చూడకుండా ఈ గుంపు చెదిరిపోకూడదు. అందుకే చీర చెంగు నడుముకు దోపుకుని అన్నాను:

"ఇంటామె వచ్చెదాక ఈయనను కదలనియ్యకుండ్రి."

"వదినా, నువ్వు గూడనా?" అన్నాడు అతను. నేను కన్ను బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాను. నవ్వు ఆపుకోవడానికి పళ్లు బిగపట్టాల్సి వచ్చింది.

ఆటో వచ్చింది. చెల్లె దిగి గుంపును చూసి గబగబా వచ్చింది, వస్తూనే ఎవరికేమైందని అడిగింది. నర్సు కదా, ముందు ఆ అనుమానమే. పెద్దమ్మ సిలిండర్ మీద నుంచి లేవకుండానే, దొంగ బిడ్డా, తాళం గూడ తీసిండు, సిలిండర్ ఎత్తుకపోతుంటే వట్టుకున్నం అని చెప్పింది. చెల్లె భర్తను చూసింది. సిలిండర్‌ను చూసింది. చుట్టూ ఉన్న మా అందరి ముఖాలనూ ఒక్కొక్కటిగా చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ గేటు పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ తర్వాత కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

"ఆయన నా పెనిమిటే పెద్దమ్మా."

కిరాణా ఆయన చొక్కా వదిలేసి, నలిగిన చోట చేత్తో సాపు చేశాడు. పెద్దమ్మ మాత్రం లేవలేదు. పెనిమిటైతే మాత్రం, ఇంటామె లేనప్పుడు సిలిండర్ ఎత్తుకపోతాడా అని గద్దించింది. అతను తల గోక్కున్నాడు. చెల్లె లేచి వెళ్లి పెద్దమ్మ చెయ్యి పట్టి లేపింది. భర్త వైపు తిరిగింది.

"దాన్ని ఉన్న కాడ వెట్టు. సంచులు గూడ దించు. మనం యాడికి పోతలేం."

నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే వెళ్లి ఒక గోనెసంచి నేనే దించాను, ఇత్తడి గిన్నెల బరువుకు నడుము పట్టేసినా వదల్లేదు. బదిలీ వద్దని రాసిస్తే సరిపోతుందని, అన్నకు ఫోను చేసి చెబుతానని ఆమె భర్తతో అంటోంది. ట్రాలీ మనిషి ఒట్టిచేతులతో పోవాలా అని గొణుగుతుంటే కిరాణా ఆయన అతనికి చాయ్ తెప్పించాడు.

అందరూ కదులుతుండగా చెల్లె బోర్డు దగ్గర ఆగింది. తన కంటి కొసకు వేలు ఆనించి కాటుక తీసుకుని, ఆ పెద్ద కన్ను పక్కన, పసిపిల్లల బుగ్గకు పెట్టినట్టు, ఒక నల్ల చుక్క పెట్టింది. ఏంటది అన్నాను.

"గింతమంది సూస్తున్నరు గదక్కా. నా వాడకు దిష్టి తగుల్తది."

వాన పడితే ఆ చుక్క చెదిరిపోతుంది. చెదిరిన ప్రతిసారీ అటు వెళ్లిన వాళ్లు ఎవరో ఒకరు మళ్లీ పెడతారు. కాటుక డబ్బీ మాత్రం మా దుకాణం నుంచే వెళుతుంది.